నిప్పుల గుండం ముందు నాస్తికుడు

సిద్దిపేట చుట్టుపక్కల నీళ్లకు దేవుళ్ల పేర్లున్నాయి. చంద్లాపూర్ దగ్గరి 3 టీఎంసీల జలాశయం రంగనాయక సాగర్. 15 టీఎంసీలది కొండపోచమ్మ సాగర్. 50 టీఎంసీలది మల్లన్న సాగర్. గోదావరి నీళ్లను ఎత్తిపోసి నింపే ఈ మూడింటినీ నడిపేది పంపులు, సొరంగాలు, కరెంటు. అయినా 2020 నుంచి 2022 మధ్య ఒక్కొక్కటిగా ప్రారంభమైన ఈ కొత్త కట్టడాలకు పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు గుట్ట మీది రంగనాయకస్వామి, తీగుల్ నర్సాపూర్ పోచమ్మ, కొమురవెల్లి మల్లన్నే గుర్తొచ్చారు. దేవుణ్ని నమ్మని ఇంజనీరు ఆ జలాశయాల గేట్ల లెక్క తడుముకోకుండా చెబుతాడు. పేర్ల లెక్క చెప్పాలంటే ఆయన కూడా గుడి దాకా పోయి రావాల్సిందే.

కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం జాతర. మొదటి వారం పట్నం వారం, హైదరాబాద్ వాళ్లది. ఆ తర్వాతది లష్కర్ వారం, సికింద్రాబాద్ వాళ్లది. బోనాలు, పసుపు బండారి, ఒగ్గు కథకుల డోళ్లు, పూనకమెత్తే శివసత్తుల సిగాలు. చివరికి కణకణలాడే అగ్నిగుండం. నిప్పుల మీద నడిచినా కాలెందుకు కాలదో చెప్పడం కష్టం కాదు. బొగ్గు, దాని మీది బూడిద వేడిని త్వరగా పాదానికి అందించవు. అడుగు నిప్పు మీద నిలిచేది క్షణం కన్నా తక్కువ సేపు. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు ఏ మొక్కూ లేకుండా నిప్పుల మీద నడిచి ఈ సంగతి జనానికి చూపించారు.

దాంతో ఒక ప్రశ్న తీరింది. ఆ గుండం అక్కడే ఎందుకుంది, ఎన్ని వందల ఏళ్లుగా ఉంది, దాన్ని తొక్కే కులాలేవి, గర్భగుడిలో ఒక పూజారి, బయట మరో పూజారి ఎందుకున్నారు అనేవి మాత్రం అలాగే మిగిలాయి. మహిమ లేదని తేలినంత మాత్రాన ఇవి తేలవు. నిజానికి వీటిని అడగాల్సిన అవసరం నమ్మేవాడి కన్నా నమ్మనివాడికే ఎక్కువ. భక్తుడికి ‘స్వామి దయ’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. నాస్తికుడు ఆ జవాబు వద్దన్నాడు కాబట్టి ఆ ఖాళీలో ఇంకేదో పెట్టాలి.

లెక్కలో ఈ నమ్మనివాళ్లు చాలా కొద్దిమంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద మతం పేర్కొనని వాళ్లు 28.67 లక్షలు. తాము నాస్తికులమని రాయించుకున్న వాళ్లు సుమారు 33 వేలు. పండక్కి గుడికి పోయి, పనిదినాల్లో దేవుడి ఊసెత్తని వాళ్లు ఈ లెక్కలకు దొరకరు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అని రాసుకునే గడి ఉండాలని ఆదేశించింది. కాగితం మీద ఆ గడి నింపిన ఇంట్లోనూ పెళ్లి జరుగుతుంది, చావు జరుగుతుంది, అమ్మమ్మ పోచమ్మకు కల్లు సాక పోస్తుంది.

మతం గురించి తెలియనందువల్లే నమ్మకం పోయిందని భక్తులు అనుకోవడం మామూలే. అమెరికాలో ప్యూ సంస్థ 2010లో మత విషయాల మీద 32 ప్రశ్నలు అడిగితే సగటున జనం 16 సరిగ్గా చెప్పారు. అందరికన్నా ఎక్కువగా దాదాపు 21 చెప్పినవాళ్లు నాస్తికులు, అజ్ఞేయవాదులు. వాళ్ల వెనకే యూదులు, మోర్మన్లు ఉన్నారు. అంటే అక్కడ నమ్మకం లేకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు.

తెలుగునాట నాస్తికులు మతాన్ని చదవడం తగువుతో మొదలైంది. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పురాణాలతో పోట్లాడారు. పోట్లాడే ముందు వాటిని పండితుల కన్నా శ్రద్ధగా చదివారు. సూతపురాణం, శంబుకవధ రాయడానికి మూలాలు ఆయన వేళ్ల మీద ఉండాలి. పురోహితుడు, సంస్కృత మంత్రాలు అక్కర్లేని పెళ్లి కోసం తెలుగులో వివాహ విధి రాసి, తానే పెళ్లిళ్లు జరిపించారు. ఏ మంత్రం ఏ క్రతువుకో తెలియనివాడు దాని బదులు ఏం పెట్టాలో చెప్పలేడు. తాపీ ధర్మారావు 1936లో ‘దేవాలయాల మీద బూతు బొమ్మలెందుకు?’ అని పుస్తకానికే ప్రశ్నను పేరుగా పెట్టారు. ఛీ అనేసి ఊరుకోకుండా ఎందుకు అని అడగడంతో ఆ పుస్తకం తిట్ల వరుస నుంచి పరిశోధన వరుసలోకి వచ్చింది.

రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ 1970లలో మూడు భాగాలుగా వచ్చింది. వాల్మీకి కథను సంఘటన వెంట సంఘటనగా తీసుకుని, ఆడవాళ్లకూ శూద్రులకూ అందులో దక్కిన న్యాయమేమిటని నిలదీసింది. నార్ల వెంకటేశ్వరరావు ‘సీత జోస్యం’ నాటకం దారి కొంచెం వేరు. ఆయన రాముడి అరణ్యవాసంలో పొలం దున్నేవాళ్లకూ అడవి మీద బతికేవాళ్లకూ మధ్య తగాదాను చూశారు. ఆ నాటకానికి 1981లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విషవృక్షం కథ న్యాయమా కాదా అని అడిగితే, సీత జోస్యం ఏ సమాజం ఆ కథను కన్నదని అడిగింది.

ఈ తగువు సాహిత్యం చేసిన మేలు పెద్దదే. పవిత్రమన్న పుస్తకాన్ని కూడా అడగవచ్చని మూడు తరాల పాఠకులకు ధైర్యమిచ్చింది. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. అది ఎక్కువగా పుస్తకంతోనే మాట్లాడింది, అదీ సంస్కృత పుస్తకంతో. ఊళ్లో మతం పుస్తకంలో లేదు. మల్లన్న కథ ఏ వ్యాసుడూ రాయలేదు. ఒగ్గు పూజారుల గొంతులో ఉంది. పోచమ్మకు శ్లోకం వెతికి ఖండించబోతే చేతికేమీ దొరకదు.

పాత నాస్తికుల గతి చూస్తే ఈ చదువుకు మరో కారణం కనిపిస్తుంది. చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు ఏవీ మిగల్లేదు. వాళ్లేమన్నారో ఈనాడు తెలుస్తున్నదంటే వాళ్లను ఖండించినవాళ్లు ముందు వాళ్ల వాదాన్ని రాసిపెట్టినందువల్లే. 14వ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహాన్ని చార్వాక దర్శనంతోనే మొదలుపెట్టాడు, తర్వాత ఖండించడానికి వీలుగా. ఆ ధోరణికి దగ్గరగా ఉండే జయరాశి భట్టు గ్రంథం తత్త్వోపప్లవసింహం తాళపత్ర ప్రతి గుజరాత్‌లోని పాటణ్‌లో 1926లో బయటపడి, 1940లో అచ్చయింది. తమ పూర్వీకుల మాటలు వినాలన్నా నాస్తికులు ఆస్తికుల గ్రంథాలయం మెట్లెక్కాల్సిందే.

తెలుగు భాష మీద ప్రేమ ఉన్నవాడికీ ఇదే గతి. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనం ఒకటుంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు చెక్కించినది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న ఆ శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయకు వంద ఏళ్ల ముందటివి. తెలుగుకు ప్రాచీన హోదా కోసం సాక్ష్యాలు వెతికినప్పుడు వీటి పేరు బలంగా వినిపించింది. అది జైన శాసనం. పైన చక్రేశ్వరి, చుట్టూ జినులు. తీర్థంకరులెవరో, వాళ్లకు తెలంగాణ గుట్టల మీద ఏం పనో తెలియకపోతే ఆ పద్యాల్లో సగం అర్థం కాదు. ఇప్పుడక్కడ జైనులు లేకపోవడం ఎలా జరిగిందన్నది దాని వెనకే వచ్చే ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ పోతే వీరశైవ కవి పాల్కురికి సోమనాథుడి దగ్గరికి చేరాలి.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినప్పుడు రాజుల జాబితాల్లో జనం కనిపించలేదు. వాళ్ల ఆటలు, తిండి, బట్ట, పాటలు సోమనాథుడి పండితారాధ్య చరిత్ర వంటి మత గ్రంథాల్లో దొరికాయి. శివభక్తుల గొప్ప చెప్పబోయిన కవి, పక్కనే సంతనూ వంటనూ నమోదు చేసి పెట్టాడు. తెలుగులో సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో ఆ పుస్తకానికే దక్కింది. ఆరు వందల ఏళ్ల కిందటి క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల్లో మైలారు దేవుడి వీరభటులు నిప్పుల గుండంలో దూకడం వంటి సాహసాలు చూపించిందీ అలాగే. ఆ మైలారు దేవుడు మల్లన్నకు చుట్టమే. కొమురవెల్లి గుండం వయసు తెలుసుకోవాలనుకున్నవాడికి ఆ కావ్యం ఒక మైలురాయి.

చెరువుల సంగతీ అంతే. సంతానం, చెరువు, కావ్యం, నిధి, వనం, గుడి, అగ్రహారం అనే ఏడింటినీ సప్త సంతానాలుగా లెక్కించిన సమాజం ఇది. కొడుకును కన్నంత పుణ్యం చెరువు తవ్వినా వస్తుందన్న నమ్మకం కాకతీయుల కాలంలో మట్టిని కట్టగా మార్చింది. గుడికి దానమిచ్చిన శాసనాల్లోనే తూము కింది మడి, దాని పన్ను, గట్టు హద్దు కనిపిస్తాయి. సాగునీటి చరిత్ర రాసేవాడు పుణ్యం అనే మాటను పక్కన పెడితే, ఊరు కలిసి ఇన్ని చెరువులు ఎందుకు తవ్వుకుందో వివరించలేడు. పుణ్యం నిజమో కాదో గానీ, దాని పేరు మీద తవ్విన మట్టి నిజం.

ఈ దారిలో ఇంకా లోతుకు పోయినవాళ్లలో నమ్మకం లేనివాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఎమిల్ డర్క్‌హైమ్ యూదు రబ్బీ కొడుకు, తాను మాత్రం నమ్మలేదు. 1912లో వచ్చిన ఆయన పుస్తకం మతాన్ని సమాజం తన్ను తాను చూసుకునే తీరుగా చదివింది. మన దేశంలో గణిత శాస్త్రజ్ఞుడు, మార్క్సిస్టు డి.డి. కోశాంబి పుణె చుట్టూ కాలినడకన తిరిగి, పొలం గట్ల మీది సింధూరం రాళ్లను, అమ్మవార్ల గద్దెలను లెక్కపెట్టారు. అవి ఎక్కువగా పాత బాటలు కలిసే చోట్ల ఉన్నాయని గమనించి, వాటి నుంచి వర్తకుల దారులను, బౌద్ధ గుహల దారులను గుర్తుపట్టారు. ఆయనకు ఆ రాయి దేవత కాదు. ఇక్కడి నుంచి మనుషులు నడిచిపోయారని చెప్పే గుర్తు.

ఆ చూపుతో మళ్లీ కొమురవెల్లి గర్భగుడిలోకి చూడవచ్చు. పుట్టమన్నుతో చేసిన మల్లన్న. అటూ ఇటూ ఇద్దరు భార్యలు, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఒకరు వ్యాపారం చేసే ఇంటి ఆడబిడ్డ, మరొకరు మంద కాసే ఇంటి ఆడబిడ్డ. ఇక్కడి నుంచి వందల మైళ్ల అవతల మహారాష్ట్ర జేజురిలో ఖండోబాకూ ఇద్దరు భార్యలు. మ్హాళసా లింగాయత్ వాణీల పిల్ల, బాణాయి ధనగర్ గొర్రెల కాపరుల పిల్ల. అక్కడా పసుపే ప్రసాదం, అక్కడా దాన్ని భండారే అంటారు. కర్ణాటక మైలార లింగడి కథలోనూ కాపరుల ఇంటి భార్య ఉంది. ఈ ముగ్గుర్నీ ఒకే వరుసలో చదివిన జర్మన్ పండితుడు గుంథర్ సోంథైమర్ (1934–1992) దక్కన్ మెట్ట నేలల్లో మందలతో తిరిగేవాళ్లకూ ఊళ్లలో కుదురుకున్నవాళ్లకూ మధ్య నడిచిన ఇచ్చిపుచ్చుకోళ్లను ఆ కథల్లో పట్టుకున్నాడు. మేక, ఉన్ని, ఎరువు ఒక వైపు. ధాన్యం, ఉప్పు, సంత ఇంకో వైపు. రెండు ఇళ్లకూ దేవుడే అల్లుడు.

పూజారుల ఏర్పాటులోనూ ఆ రెండు లోకాలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. లోపల పూజ, ఏటా జరిగే స్వామి కల్యాణం వీరశైవ అర్చకులవి. బయట నేల మీద రంగుల పొడితో పట్నం అనే ముగ్గు వేసి కథ చెప్పేది ఒగ్గు పూజారులు, ఎక్కువమంది కురుమలు. ఒకే దేవుడికి రెండు భాషల్లో పూజ జరుగుతున్నదంటే, ఏదో ఒక కాలంలో రెండు వర్గాలు ఒక ఒప్పందానికి వచ్చాయన్నమాట. అది కాగితం మీద రాసుకున్నది కాదు. పట్నంలో, కథలో, ఎవరు ముందు పసుపు చల్లాలన్న మర్యాదలో ఉంది.

సిద్దిపేట జిల్లాలోనే ఉన్న చేర్యాల ఇంకో పాఠం చెబుతుంది. చేర్యాల నకాషీ పటాలకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత వాటిని ఇళ్ల గోడలకు తగిలించుకునే బొమ్మలుగానే చాలామంది ఎరుగుదురు. చింతగింజల అంబలి, సుద్ద పూసిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యంలో గీసిన ఆ పొడవాటి చుట్టలు నిజానికి కులాల చరిత్ర పుస్తకాలు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, దాన్ని చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. మాదిగలకు జాంబపురాణం, దాన్ని చెప్పేవాళ్లు డక్కలివాళ్లు. చాకలివాళ్లకు మడేల్ పురాణం. కథ చెప్పే కులం వేరు, వినే కులం వేరు. చెప్పేవాడికి ఆ వినే కులాన్ని మాత్రమే దానం అడిగే హక్కు ఉంటుంది.

వీటిని కల్పనలని తోసేయడం సులువు. తోసేసే ముందు ఒక్కటి గమనించాలి. బ్రాహ్మణ పురాణం ఏ కులాన్ని కిందికి నెట్టిందో ఆ కులం పురాణం దాన్ని మళ్లీ పైకి ఎక్కిస్తుంది. జాంబపురాణంలో భూమి పుట్టక ముందే జాంబవుడు పుట్టాడు. అంటే మాదిగలు అందరికన్నా పెద్దవాళ్లు. భావనారుషి తామర నారతో నేసి దేవతల మానం కాపాడాడంటే, మగ్గం లేకపోతే దేవుడికీ దిక్కు లేదన్నమాట. సిద్దిపేట సాలెవాడల్లో మగ్గం మీద గొల్లభామ చీర నేసే ఇంట్లో ఈ కథ పని గౌరవానికి కట్టిన కోట. సమానత్వం కావాలనే నాస్తికుడు తన వాదానికి కావాల్సిన ముడిసరుకు ఈ ‘మూఢ’ కథల్లోనే ఉందని చాలా ఆలస్యంగా కనుక్కున్నాడు.

కమ్యూనిస్టులు కొంత ముందే కనుక్కున్నారు. శివభక్తిని ఊరూరా చాటిన జంగం కథ నుంచే బుర్రకథ వచ్చింది. 1940లలో ప్రజానాట్యమండలి దాన్ని తీసుకుని కరువు, భూమి, దొర అనే కొత్త కథలు ఎక్కించింది. షేక్ నాజర్ వంటి కళాకారుడి గొంతులో అది వేల జనాన్ని కూర్చోబెట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను అలాగే వాడుకున్నారు. దేవుణ్ని పాడిన తాళం విని ఎరగనివాళ్లయితే ఆ పోరాటానికి ఆ పాట దొరికేది కాదు.

ఇదంతా చరిత్ర, కళ. పౌరుడిగా పడే అవసరం ఇంకా దగ్గరిది. గుడి భూమి, ఇనాం భూమి, వక్ఫ్ భూమి తగాదాలు మండల ఆఫీసులో రోజూ ఉండేవే. 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును ఎందుకు రద్దు చేసిందో, దాని మీద సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్లారో తెలియకుండా ఆ తగాదాల మీద తీర్పు చెప్పబోవడం వట్టి మాట. మతమార్పిడి మీది తగువుకూ ఇదే చదువు కావాలి. 2016 దాకా సిద్దిపేట ఉన్న పాత మెదక్ జిల్లాలోనే 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చి ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కరువు రోజుల్లో కట్టించారు, ఆ పనే ఎందరికో కూలి, అన్నం అయింది. ఆ ప్రాంతపు మాలలు, మాదిగలు క్రైస్తవం వైపు ఎందుకు నడిచారన్న ప్రశ్నకు ‘గోధుమల కోసం’ అని ఒక వాక్యంలో తేల్చేవాళ్లకూ, ‘దేవుడి పిలుపు’ అని తేల్చేవాళ్లకూ ఆ కాలపు వెట్టి, అంటరానితనం, బడి తలుపు కనిపించవు.

ఇంకో చోట ఈ చదువు ప్రాణాల మీది వ్యవహారం. పాత మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల మీద దాడులు జరిగాయి, ప్రాణాలూ పోయాయి. జన విజ్ఞాన వేదిక, నాస్తిక కేంద్రం వంటి సంస్థలు ఊళ్లలో తిరిగి గారడీ గుట్టు విప్పి చూపించాయి. గుట్టు విప్పడం అవసరమే. అయితే అనుమానం ఎప్పుడూ ఎవరి మీదికి పోతుంది? ఒంటరి ముసలమ్మ మీదికి, భూమి పంపకంలో అడ్డొచ్చినవాడి మీదికి, ఊరి వైద్యం తెలిసినవాడి మీదికి. ఆ భయం ఎలా పుడుతుందో, ఏ జబ్బుతో, ఏ చావుతో మొదలవుతుందో, ఎవరి నోట పెరుగుతుందో తెలిసిన కార్యకర్త దాడికి ముందే ఊరికి చేరగలడు. బాణామతి లేదని మాత్రమే తెలిసినవాడు పంచనామాకు చేరతాడు.

ఈ చదువు వద్దనేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. నమ్మకం లేనివాడికి లోపలి రుచి తెలియదన్నది ఒక వైపు మాట. అందులో కొంత నిజముంది. సిగమూగే శివసత్తికి కలిగేదేమిటో నోట్‌బుక్‌లో దిగదు. అయితే లోపల ఉన్నవాడికి తన గుడి గోడ అవతలి జేజురి కనిపించదన్నదీ నిజమే. అమెరికాలో బార్ట్ ఎర్మన్ భక్త క్రైస్తవుడిగా బైబిలు చదువు మొదలుపెట్టి, నమ్మకం పోయాక కూడా కొత్త నిబంధన ప్రతుల మీద పని మానలేదు. ఆయన పాఠాలు చర్చికి పోయేవాళ్లు కూడా చదువుతారు.

రెండో వైపు మాట నాస్తికుల్లోంచే వస్తుంది. చదివితే గౌరవమిచ్చినట్టే, ఉన్న కాలాన్ని సైన్సు ప్రచారానికి వాడాలి అంటారు. ఇప్పుడు విజయవాడలో ఉన్న నాస్తిక కేంద్రాన్ని 1940లో ముదునూరులో మొదలుపెట్టిన గోరా, వృక్షశాస్త్రం చెప్పిన మనిషి. సైన్సు ప్రచారానికి ఆయన కన్నా పాటుపడ్డవాళ్లు తక్కువ. ఆయనే సేవాగ్రామ్ పోయి, రామనామం జపించే గాంధీతో రోజుల తరబడి వాదించి, ఆ మాటల్ని పుస్తకంగా రాశారు. అవతలి మనిషి నమ్మకం ఏ అవసరం తీరుస్తున్నదో వినకుండా ఆయన ఉద్యమం నడపలేదు.

బడిలో దీనికి చోటు ఉందా అంటే చట్టం అడ్డుపడదు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది. ఆచరణలో మాత్రం టీచర్లు రెండింటికీ దూరంగా నడుస్తారు. దేవుడి మాట ఎత్తితే గొడవని పీర్ల పండుగను, బతుకమ్మను సెలవుల పట్టికలో వదిలేస్తారు. పీరును ఎత్తుకుని అలావా చుట్టూ తిరిగే హిందూ ఇళ్లు ఊళ్లో ఎందుకున్నాయన్న ప్రశ్న పిల్లల నుంచి వస్తే జవాబు ఉండదు. ఆ ఖాళీని ఫోన్లలో తిరిగే సగం నిజాలు నింపుతాయి.

ఇక వనరుల సంగతి. మతం మీద ఇప్పటిదాకా తెలుగులో జరిగిన పనిలో కావ్యాలకూ శాసనాలకూ దక్కిన శ్రద్ధ గొంతుకు దక్కలేదు. ఒగ్గు కథకు చుక్క సత్తయ్య 2014లో సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా పేరు తెచ్చారు. ఆయన 2017లో కన్నుమూశారు. రాత్రంతా సాగే కథ స్టేజీ మీద అరగంటకు కుదిస్తే, పోయే భాగంలోనే ఏ ఊరి పేరో, ఏ కులం తగువో, ఏ కరువు జ్ఞాపకమో ఉంటుంది.

కొమురవెల్లిలో పెద్దపట్నం వేసే రాత్రి ఒగ్గు పూజారులు నేల అలికి, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుల పొడి పిడికిట్లో పట్టి గీతలు లాగుతారు. చూస్తుండగానే గడులు, గదులు, వాకిళ్లు తేలి నేల మీద ఒక నగరం లేస్తుంది. దాని పేరే పట్నం. ఏ గడి ఎవరిదో అడిగితే వాళ్లు చెబుతారు, నమ్మకముందా అని ఎదురడగరు. డోలు దరువు పెరిగాక శివసత్తులు దాన్ని తొక్కుకుంటూ దాటుతారు. రంగులన్నీ ఒక్కటైపోతాయి. రాసుకోవాల్సిందంతా ఆ లోపే రాసుకోవాలి.